ఫోన్ వింటోందన్న భయం, పాత నంబర్ మీద లేని భయం

ఫోన్ మన మాటలు వింటుందని నమ్మేవాళ్లు నలుగురు కూడిన ఏ చోటైనా ఒకరైనా ఉంటారు. పొద్దున చెప్పుల గురించి మాట్లాడుకున్నాం, సాయంత్రానికి చెప్పుల యాడ్ వచ్చింది, ఇంతకన్నా రుజువేం కావాలి అంటారు. ఆ మాట అంటున్న మనిషే ఏళ్ల తరబడి ఒకే పాస్‌వర్డ్‌తో ఈమెయిల్, షాపింగ్, ఎప్పుడో ఒకసారి రిజిస్టరై మరిచిపోయిన సైట్లు, అన్నీ నెట్టుకొస్తుంటాడు. అదేమిటని అడిగితే "నా దగ్గర ఏముందని హ్యాక్ చేస్తారు" అని నవ్వేస్తాడు. టెక్నాలజీ అంటే జనానికి భయం లేదనడం తప్పు. భయం కావలసినంత ఉంది, ఉండాల్సిన చోటే లేదు. ఇందులో జనం అజాగ్రత్త కన్నా సలహాలు ఇచ్చేవాళ్ల తప్పే ఎక్కువని నా అభిప్రాయం. ఎందుకో వరసగా చెబుతాను.

ముందు ఆ మైక్ సంగతి. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17,260 ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించారు. గుట్టుగా మైక్ ఆన్ చేసి మాటలు బయటికి పంపుతున్న దాఖలా వాళ్లకు దొరకలేదు. దొరికింది మరొకటి. కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద మనం చేస్తున్నదాన్ని బొమ్మలుగా, వీడియోగా తీసి వేరే కంపెనీలకు పంపుతున్నాయి. అది యంత్రాలతో నడిపిన పరీక్ష కాబట్టి ఎప్పుడూ ఎక్కడా వినడం జరగదని తేల్చేసిందనలేం. కానీ లెక్క వేసి చూడండి. మాటను బాగా కుదించి సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున పంపినా గంటకు 7 మెగాబైట్లు దాటుతుంది. మనం మెలకువగా ఉండే 16 గంటలకు 115 మెగాబైట్లు. నెల తిరిగేసరికి అది మూడున్నర గిగాబైట్లు, డేటా లెక్కలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పంపకుండా ఫోన్‌లోనే రోజంతా మాటల్ని అక్షరాలుగా మారుస్తూ ఉంటే బ్యాటరీ మామూలుకన్నా త్వరగా తగ్గుతుంది.

మరి చెప్పుల యాడ్ ఎలా వచ్చింది? మాట్లాడిన ఇద్దరిలో రెండోవాళ్లు ఇంటికెళ్లి వెతికి ఉంటారు. ఇద్దరూ ఒకే వైఫై మీద ఉంటే బయటి ప్రపంచానికి ఇద్దరిదీ ఒకటే ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మన చిరునామా సంఖ్య. ఒకరి ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా ఏదో ఒక యాప్‌కు ఎప్పుడో ఎక్కేసి ఉంటుంది, కాబట్టి వీళ్లకు వాళ్లు తెలుసన్న సంగతి దానికి తెలుసు. షాపుల సైట్లలో యాడ్ కంపెనీల చిన్న కోడ్ ముక్క ఉంటుంది, ఏ పేజీ చూశామో అది చేరవేస్తుంది. పైగా రోజంతా కళ్ల ముందు వందల యాడ్‌లు పోతుంటాయి. మాట్లాడిన దానితో కలిసింది ఒక్కటే గుర్తుంటుంది.

ఈ అసలు పద్ధతి మైక్ కథకన్నా భయపెట్టేది. 2013లో ద మోంజోయ్ అనే పరిశోధకుడి బృందం 15 లక్షల మంది మొబైల్ వాడకందారుల 15 నెలల లొకేషన్ రికార్డులు తీసుకుంది. పేర్లు లేవు. మనిషి ఏ గంటలో ఏ టవర్ దగ్గర ఉన్నాడన్నదే ఉంది. అలాంటి నాలుగంటే నాలుగు బిందువులు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతా అందరి నుంచీ వేరు చేయగలిగారు. రాత్రి ఎక్కడ పడుకుంటారు, పగలు ఎక్కడ పనిచేస్తారు, ఈ రెండే సగం పని చేసిపెడతాయి. ఇంత జరుగుతున్నా ఎవరూ ఉలిక్కిపడరు. గూఢచారి కథకున్న కిక్కు దీనికి లేదు మరి.

మైక్ మీద అనుమానం తీరాలంటే వాదన అక్కర్లేదు, చూసుకోవచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి మైక్ వాడుతున్నప్పుడు పైన నారింజ చుక్క, కెమెరా వాడుతున్నప్పుడు ఆకుపచ్చ చుక్క వస్తుంది. ఆండ్రాయిడ్‌లో 12వ వెర్షన్ నుంచి రెండింటికీ ఆకుపచ్చ గుర్తే. అదే వెర్షన్‌లో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్ని గంటలకు మైక్, కెమెరా, లొకేషన్ తీసుకుందో వరసగా కనిపిస్తుంది. అది తెరిచిన చాలామంది మైక్ వరస ఖాళీగా ఉండటం చూసి ఊరట పడతారు. లొకేషన్ వరస చూసి నోరెళ్లబెడతారు. టార్చ్ యాప్‌కీ, ఆటలకీ లొకేషన్ ఎందుకు? అక్కడే నొక్కి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చండి. వాతావరణం, వార్తల యాప్‌లకు ‘కచ్చితమైన లొకేషన్’ అనే స్విచ్ కూడా ఆపేయండి. ఊరు తెలిస్తే వాటికి చాలు, మనం నిలబడ్డ గుమ్మం దాకా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో యాడ్స్ కిందికి వెళ్లి, యాడ్ కంపెనీలు మన ఫోన్‌ను గుర్తుపట్టే అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయొచ్చు. ఐఫోన్‌లో ట్రాకింగ్ అనుమతి అడగనివ్వకుండా ఒకేసారి ఆపేయొచ్చు. మొత్తం కలిపి పది నిమిషాల పని.

భయం ఎక్కడ పడుతుంది, ఎందుకు

ఈ విషయం మీద యాభై ఏళ్లుగా పని జరిగింది, మొదలైంది అణు విద్యుత్తు రోజుల్లో. 1969లో చాన్సీ స్టార్ అనే అమెరికా ఇంజనీర్ ఒక లెక్క వేశాడు. మనం ఇష్టపడి నెత్తికెత్తుకునే ప్రమాదాన్ని, ఎవరో మన మీద రుద్దిన ప్రమాదం కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా ఓర్చుకుంటామన్నాడు. వెయ్యి అనే సంఖ్య మీద తర్వాత చాలా కొట్లాట జరిగింది, దిశ మాత్రం నిలిచింది. 1987లో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని మరింత విడమరిచాడు. జనం ప్రమాదాన్ని చావుల సంఖ్యతో కొలవరు. అది ఎంత బెంబేలెత్తిస్తుంది, ఎంత తెలియనిది, కంటికి కనిపించనిది అనే రెండు కొలతలతో కొలుస్తారు. గాలిలో తరంగం, గోడవతల హ్యాకర్, చెవి రిక్కించిన మైక్, మూడూ ఈ కొలతలకు సరిగ్గా సరిపోతాయి. రోజూ టైప్ చేసే పాస్‌వర్డ్ రెండింటిలోనూ తేలిపోతుంది, అది మరీ పరిచయమైనది కాబట్టి.

2020లో బ్రిటన్‌లో, 5జీ తరంగాలు జబ్బు తెస్తాయన్న పుకారు నమ్మి టవర్లకు నిప్పు పెట్టారు. 5జీ వాడే తరంగాల పౌనఃపున్యం ఎక్కువలో ఎక్కువ కొన్ని పదుల గిగాహెర్ట్జ్, మన గదిలో వెలుగుతున్న బల్బు కాంతిది అయిదు లక్షల గిగాహెర్ట్జ్ దరిదాపు. అణువుల బంధాలు తెంచేంత శక్తి రేడియో తరంగానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో వీటిని ‘2బి’ వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చన్న వర్గంలో పెట్టిందని చూపిస్తారు. ఆ వర్గీకరణ చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్నది. ప్రమాదం ఎంత పెద్దదన్నది అది చెప్పదు.

వీటన్నిటికన్నా నాకు పనికొచ్చినది 1994లో అల్‌హకామీ, స్లోవిక్ రాసిన పరిశోధన. లోకంలో మామూలుగా లాభం ఎక్కువున్న చోట ప్రమాదమూ ఎక్కువే ఉంటుంది. జనం మనసులో మాత్రం తలకిందులు. నచ్చిన వస్తువుకి లాభం ఎక్కువ, ప్రమాదం తక్కువ. నచ్చని దానికి రెండూ ఉల్టా. రోజంతా వాడే మ్యాప్ యాప్ ఎవరినీ భయపెట్టదు. అదే లొకేషన్‌ను ఆఫీసు అటెండెన్స్ యాప్ అడిగితే అందరికీ పౌరహక్కులు గుర్తొస్తాయి. సమాచారం ఒకటే, పోయే దారి కూడా ఇంచుమించు ఒకటే. కాబట్టి ‘ఈ యాప్ ప్రమాదమా?’ అన్న ప్రశ్న మనల్ని మనం అడిగితే వచ్చే జవాబు చాలావరకు ‘ఈ యాప్ నాకు నచ్చిందా?’ అన్నదానికే.

ఇంకో చిక్కు, నివారణ ఫలిస్తే భయం అబద్ధమైపోతుంది. 2000 సంవత్సరం మార్పు సమయంలో కంప్యూటర్లు కుప్పకూలుతాయన్నారు, పెద్దగా ఏమీ కాలేదు, అంతా బూటకమని నేటికీ అంటారు. అంతకుముందు కొన్నేళ్లపాటు పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా దిద్దుతూ కూర్చున్నవాళ్ల పని ఎవరికీ కనబడలేదు.

గుర్తుల మీద నమ్మకం

భయం తప్పు చోట ఉన్నట్టే ధైర్యం కూడా తప్పు చోట ఉంటుంది. బ్రౌజర్‌లో తాళం గుర్తు కనబడితే సైట్ మంచిదనుకుంటారు. ఆ తాళం చెప్పేది మీకూ ఆ సర్వర్‌కూ మధ్య దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. ఆ సర్వర్ దొంగదైతే, దొంగతో రహస్యంగా మాట్లాడుతున్నారన్నమాట. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ వచ్చాక ఆ తాళానికి కావలసిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. దొంగ సైట్లకూ దొరుకుతుంది. 2021లో గూగుల్ చేసిన అధ్యయనంలో ఆ గుర్తు అర్థం సరిగ్గా తెలిసినవాళ్లు 11 శాతమే. చివరికి 2023 సెప్టెంబరులో క్రోమ్ 117తో ఆ తాళం బొమ్మే తీసేశారు. చూడాల్సింది అడ్రస్. అదీ ఎడమ నుంచి చదివితే మోసపోతాం. మొదట్లో వచ్చే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి చుక్కలతో విడదీసిన రెండు ముక్కలు చదవాలి. మామూలుగా ఆ రెండు ముక్కలే సైట్ యజమాని పేరు. వాటికి ముందు బ్యాంకు పేరు ఎంత పొడుగ్గా రాసి ఉన్నా ఎవరైనా రాసుకోవచ్చు. డాట్ సీఓ డాట్ యూకే లాంటి వాటికి మూడు ముక్కలు చదవాలి, తేడా అంతే.

బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో మోడ్ కూడా ఇదే కోవ. మన ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతే. ఇంటర్నెట్ కంపెనీ, ఆఫీసు నెట్‌వర్క్, తెరిచిన సైట్ అన్నిటికీ మనం మామూలుగానే కనిపిస్తాం. వీపీఎన్ అంటే మన నెట్ వాడకాన్ని వేరే కంపెనీ సర్వర్ మీదుగా మళ్లించేది. అది పెట్టుకుంటే ఇంటర్నెట్ కంపెనీ చూసేది వీపీఎన్ కంపెనీ చూస్తుంది. ఉచిత వీపీఎన్ అయితే వాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించుకోవాల్సిందే.

విమానాశ్రయాల్లో చార్జింగ్ పోర్టు పెట్టుకుంటే డేటా లాగేస్తారన్న హెచ్చరిక ఏటా తిరిగొస్తుంది. 2011లో ఒక హ్యాకర్ల సమావేశంలో ప్రదర్శన కోసం అలాంటి స్టాండు పెట్టారు, అప్పటి నుంచి ఆ కథ నడుస్తోంది. ఇప్పటి ఫోన్లు డేటా ఇవ్వాలా వద్దా అని అడుగుతాయి. 2025లో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ప్రశ్నను దాటే ఉపాయం చూపించారు, కొన్ని కంపెనీలు దాన్ని అప్‌డేట్లతో పూడ్చాయి. సొంత అడాప్టర్ గోడ ప్లగ్గులో పెట్టుకుంటే ఈ గొడవే లేదు. అసలు రక్షణ మాత్రం అప్‌డేట్‌లో ఉంది. జనం అన్నిటికన్నా ఎక్కువగా వాయిదా వేసేదీ దాన్నే.

అప్‌డేట్ అంటే ఎందుకంత విముఖత

గూగుల్ పరిశోధకులు 2015లో సెక్యూరిటీ నిపుణులనూ మామూలు వాడకందారులనూ ఒకే ప్రశ్న అడిగారు: ఆన్‌లైన్‌లో క్షేమంగా ఉండటానికి మీరు చేసే ముఖ్యమైన పనులేవి? అప్‌డేట్లు వేసుకోవడమని నిపుణుల్లో 35 శాతం చెప్పారు, మిగతావాళ్లలో 2 శాతం. యాంటీవైరస్ అన్నవాళ్లు నిపుణుల్లో 7 శాతం, మిగతావాళ్లలో 42 శాతం. రెండు జాబితాలు పక్కపక్కన పెడితే ఒకే విషయం గురించి మాట్లాడుతున్నారా అనిపిస్తుంది.

నిపుణుల వైపు వాదనకు 2017 మే 12 చాలు. ఆ రోజు వానాక్రై అనే వైరస్ నూటయాభై దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది, బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు ఆగిపోయాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. దాదాపు రెండు నెలలు అది వేసుకునేవాళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంది.

జనం వైపూ న్యాయం ఉంది. పాత ఐఫోన్లను బ్యాటరీ నీరసించినప్పుడు అప్‌డేట్ ద్వారా నెమ్మది చేస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది, అదీ బయటివాళ్లు కొలిచి చూపించాక. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెర మీద నిలబెట్టింది. అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అవుతుందన్న మాట మూఢనమ్మకమని కొట్టేసేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి. చేయగలిగింది రెండు రకాలను విడదీయడం. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ చిన్నది, రూపం మార్చదు, వచ్చిన వారంలోపే వేసుకోండి. వెర్షన్ అంకె మారే పెద్ద అప్‌డేట్‌కు రెండు మూడు వారాలు ఆగండి, ముందు వేసుకున్నవాళ్ల గోల వినపడుతుంది. స్టోరేజీ పదో వంతుకన్నా తక్కువ ఖాళీ ఉంటే పెద్ద అప్‌డేట్ మధ్యలో ఆగడం, తర్వాత ఫోన్ ఈడ్చడం మామూలే. ముందు ఖాళీ చేసుకుని, బ్యాకప్ తీసి, చార్జింగ్ పెట్టి మొదలుపెట్టండి.

రౌటర్ సంగతి ఎవరూ అడగరు. మూల పెట్టిన ఆ డబ్బాలో పెట్టిన రోజునాటి సాఫ్ట్‌వేరే ఉంటుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నదే. ఆ స్టిక్కర్ మీది అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టి లోపలికెళ్లి మూడు మార్చండి: అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది, ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఆటోమేటిక్, బయటి నుంచి రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్. కంపెనీ ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆపేసి ఉంటే బాగుచేసే దారి లేదు, మార్చడమే.

వినకపోవడంలో లెక్క ఉంది

మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2009లో రాసిన మాట సలహాదారులకు మింగుడుపడలేదు. జనం సెక్యూరిటీ సలహాలను పెడచెవిన పెట్టడం చాలాసార్లు హేతుబద్ధమే అన్నాడు. సలహా పాటించడానికి రోజూ అందరి సమయమూ పోతుంది, దాని వల్ల తప్పే నష్టం ఎప్పుడో కొందరికి. కోట్ల మంది నిమిషాలు కూడితే సలహా ఖర్చే నష్టాన్ని మించిపోవచ్చు. 2008లో మెక్‌డొనాల్డ్, క్రేనర్ లెక్కగట్టారు: ఒక మనిషి ఏడాదిలో వెళ్లే సైట్లన్నిటి ప్రైవసీ పాలసీలూ చదవాలంటే 244 గంటలు కావాలి. ఎవరు చదువుతారు? ఓబార్, ఓల్డోర్ఫ్-హర్ష్ అనే పరిశోధకులు, నిజంగా లేని ఒక సోషల్ నెట్‌వర్క్‌ను కల్పించి, చేరాలంటే మొదటి బిడ్డను మాకివ్వాలని నిబంధనల్లో రాసి 543 మంది విద్యార్థుల ముందు పెట్టారు. 98 శాతం మందికి ఆ వాక్యం కనబడలేదు.

పాస్‌వర్డ్ నియమాల కథ ఇంకా ఘోరం. పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలి, తరచూ మార్చాలి అన్న ధోరణికి ఆధారం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తరఫున బిల్ బర్ రాసిన పత్రం. జనం ఏం చేశారు? చివర ఒకటి, మూడు నెలలకు రెండు, తర్వాత మూడు. 2017లో ఆ సంస్థే నియమాలు తిరగరాసింది. గడువు పెట్టి మార్పించొద్దు, గుర్తుల నిబంధన వద్దు, పొడుగు ముఖ్యం, లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాలో ఉంటే తిరస్కరించండి అంది. బర్ కూడా పాత సలహాకు విచారం వెలిబుచ్చాడు. చాలా ఆఫీసుల్లో మాత్రం పాత నియమమే నడుస్తోంది. పద్నాలుగేళ్లు తప్పు పని చేయించి, విసుగొచ్చి వినడం మానేసినవాళ్లను అజాగ్రత్తపరులు అనడం ఏం న్యాయం? పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రంలా అన్ని ఖాతాలకూ ఒకే జాగ్రత్త చెప్పడమూ ఇందులో భాగమే. పాటల యాప్ పాస్‌వర్డ్ పోతే ఏం పోతుంది? ఈమెయిల్‌ది పోతే అన్నీ పోతాయి.

అందుకే శ్రమంతా ఒకచోట పెట్టమంటాను: ఈమెయిల్, దాన్ని తిరిగి తెరిచే దారులు.

ఒక కాగితం తీసుకుని మధ్యలో మీ ముఖ్యమైన ఈమెయిల్ రాయండి. పాస్‌వర్డ్ మరిచిపోతే దాన్ని ఏది తెరుస్తుంది? సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ చూసి పక్కన రాసి బాణం గీయండి. ఆ రికవరీ ఈమెయిల్‌ను ఏది తెరుస్తుంది? మళ్లీ బాణం. మూడో బాణానికే చాలామందికి ఎప్పుడో వదిలేసిన నంబరో, చదువుకునే రోజుల మెయిలో తగులుతుంది. ముందు తలుపుకు మూడు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచడమంటే ఇదే. వదిలేసిన నంబరును కంపెనీ మరొకరికి అమ్ముతుంది. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2021లో అమెరికాలో కొత్తగా అమ్మకానికున్న 259 నంబర్లు చూస్తే, 171 నంబర్లకు పాత యజమానుల ఆన్‌లైన్ ఖాతాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మెయిల్ ఐడీలు కూడా శాశ్వతం కావు. యాహూ 2013లో వాడని ఐడీలను వేరేవాళ్లకు ఇచ్చింది. రెండేళ్లు తెరవని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది.

మార్చేటప్పుడు వరస ముఖ్యం. కొత్త నంబర్ చేర్చండి, కోడ్ తెప్పించుకుని సరిచూడండి, ఆ తర్వాతే పాతది తీయండి. ముందే తీసేసి మధ్యలో లాగౌట్ అయితే బయటే ఉండిపోతారు. నంబర్ మార్చాలనుకుంటే పాత సిమ్ పనిచేస్తుండగానే ఈ పనంతా అవ్వాలి. కొన్ని సర్వీసులు మార్చాక కూడా కొన్ని రోజులు పాత నంబరుకు కోడ్ పంపుతాయి, కాబట్టి ఆ సిమ్‌ను ఒకటి రెండు వారాలు ఉంచుకోవడం మంచిది.

తర్వాత రెండో అడుగు తాళం, అంటే పాస్‌వర్డ్ కొట్టాక అడిగే కోడ్. ఎస్సెమ్మెస్ కోడ్ ఏమీ లేకపోవడం కన్నా ఎంతో నయం. దాని బలహీనత అది నంబరుకు అంటుకోవడం. ఎవరైనా మీ పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కోడ్లు అటు పోతాయి. ఆథెంటికేటర్ యాప్ నంబరుకు అంటుకోదు. మొదటిసారి స్కాన్ చేసిన క్యూఆర్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. యాప్ దాన్నీ ఇప్పటి సమయాన్నీ కలిపి 30 సెకన్లకోసారి ఆరంకెలు తయారు చేస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కోడ్ తప్పంటోందంటే ఎక్కువసార్లు ఫోన్ గడియారం పక్కకు జరిగి ఉంటుంది, సమయాన్ని ఆటోమేటిక్ చేస్తే సరి. ఆ క్యూఆర్‌ను స్క్రీన్‌షాట్ తీయొద్దు. గ్యాలరీలో పడి క్లౌడ్‌లోకి ఎక్కితే రహస్యమూ దానితోపాటు ఎక్కుతుంది. ఫోన్ పోతే ఎలా అన్న భయం మాత్రం సరైన భయమే. దానికోసమే బ్యాకప్ కోడ్లు. గూగుల్ అయితే ఎనిమిదంకెలవి పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, కొత్త సెట్ తీస్తే పాతవి చెల్లవు. కాగితం మీద రాసి ముఖ్యమైన పత్రాలతోపాటు పెట్టండి. కాగితం మీద రహస్యాలు రాయకూడదన్న పాత ఉపదేశం ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు, కాగితాన్ని వేరే ఖండం నుంచి ఎవరూ దొంగిలించలేరు.

ఫోన్ చోరీకి రెండు చిన్న పనులు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని విషయం కనబడకుండా చేయండి. లేకపోతే ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు. సిమ్‌కు పిన్ పెట్టండి, దొంగ దాన్ని వేరే ఫోన్‌లో వేస్తే పిన్ అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే సిమ్ తెరిచే కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ చచ్చిపోతుంది. కాబట్టి పీయూకే ముందే రాసిపెట్టుకోండి.

పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే యాప్, పాస్‌వర్డ్ మేనేజర్ వాడమంటే "అన్నీ ఒకచోట పెడితే అదే పోతే?" అంటారు. న్యాయమైన ప్రశ్న. 2022లో లాస్ట్‌పాస్ అనే అలాంటి సేవ నుంచి ఖాతాదారుల గుప్తీకరించిన ఖజానాలు పోయాయి. అప్పుడు ఆ ఖజానాను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ పొడుగ్గా ఉన్నవాళ్లు తేరుకునే వ్యవధి సంపాదించారు, చిన్నది పెట్టుకున్నవాళ్లది ప్రమాదం. పాచికలు వేసి 7,776 పదాల జాబితా నుంచి తీసిన అయిదారు పదాలు మాస్టర్‌గా పెట్టుకోండి. పదాలు పాచిక తీయాలి, మనసుకు తోచినవి పనికిరావు. మనసుకు తోచేవి అందరికీ అవే తోస్తాయి. ఇది చేయలేనంటే ఈమెయిల్‌కొక్కదానికైనా ఎక్కడా వాడని పొడుగు పాస్‌వర్డ్ పెట్టండి. వేరే సైట్ల నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌లతోనే తమ ఖాతాల్లోకి దూరారని 2012లో డ్రాప్‌బాక్స్ ప్రకటించింది, అందులో ఒక ఉద్యోగి ఖాతా కూడా ఉంది.

మోసపోయేది ఎవరు

అమాయకులు, ముసలివాళ్లు మోసపోతారన్న నమ్మకం అందరిలోకీ ప్రమాదకరం, ఎందుకంటే అలా అనుకునేవాళ్లు తమను అందులో లెక్కవేసుకోరు. తనకు చెడు జరిగే అవకాశం పక్కవాడికన్నా తక్కువని చాలామంది అనుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త వైన్‌స్టైన్ 1980లోనే చూపించాడు. 2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి దూరిన మనిషి పెద్ద విద్యేమీ ప్రదర్శించలేదు. ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డ్ చేతిలో పెట్టుకుని ‘లాగిన్ ఒప్పుకుంటారా’ అన్న నోటిఫికేషన్‌ను మళ్లీ మళ్లీ పంపాడు, చివరికి అవతలి మనిషి ఒప్పుకునేదాకా. 2024లో ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ హాంకాంగ్ ఉద్యోగి వీడియో కాల్‌లో తన పై అధికారుల్ని చూసి, వాళ్ల మాట విని 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపాడు. కాల్‌లో ఉన్నవి డీప్‌ఫేక్ మొహాలు. మొహం చూసి, గొంతు విని గుర్తుపట్టే కాలం పోయింది కాబట్టి మొహం మీద ఆధారపడని పద్ధతి కావాలి. డబ్బు విషయమైతే కాల్ పెట్టేసి, మన దగ్గర ముందే ఉన్న నంబరుకు మనమే చేయాలి. కార్డు వెనక ఉన్నది, ఫోన్‌లో పాతగా ఉన్నది. వాళ్లు పంపిన నంబరు పనికిరాదు.

ఆండ్రాయిడ్‌లో ఒక పర్మిషన్ గురించి విడిగా చెప్పాలి: యాక్సెసిబిలిటీ. చూపు లేనివాళ్లకు స్క్రీన్ చదివి వినిపించడానికి పెట్టింది. అది ఇచ్చిన యాప్ స్క్రీన్ మీదున్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. బ్యాంకు డబ్బు లాగే వైరస్‌లు మొదట అడిగేది దాన్నే. లింకు ద్వారా వచ్చిన యాప్ దాన్ని అడిగిందంటే ఇక ఆలోచించేదేమీ లేదు. 13వ వెర్షన్ నుంచి బయట దించిన యాప్‌లకు అది ఇవ్వకుండా ఆండ్రాయిడే అడ్డుపడుతుంది. అందుకే మోసగాడు ఫోన్‌లో ఉండి మరీ ఆ అడ్డు తీసే మెట్లు ఒక్కొక్కటీ చెబుతాడు.

అనుమతో, డబ్బో ఇచ్చేశాక మోసమని తెలిస్తే? సిగ్గుపడి ఒక రాత్రి దాచుకోవడం వల్ల పోయే డబ్బే ఎక్కువ. ముందు బ్యాంకుకు ఫోన్, నిమిషాలు లెక్క. అనుమానమున్న ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వేరే పరికరం నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, అదే పేజీలో అన్ని పరికరాల నుంచీ సైనౌట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన తెరిచి ఉన్న లాగిన్‌లు అన్నిచోట్లా పోవు. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా చూడండి, లోపలికొచ్చినవాడు తనది చేర్చి ఉండొచ్చు. ఆ తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండూ తెరవండి. బ్యాంకు నుంచి వచ్చే మెయిల్‌ను నేరుగా చెత్తబుట్టలో పడేసే ఫిల్టర్ ఒకటి పెట్టి వెళ్లడం వాళ్లకు అలవాటు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ ఫిల్టర్ అలాగే పనిచేస్తూ ఉంటుంది.